పదిమంది మధ్య పనిచేస్తే నా పేరు ఎక్కడ నిలుస్తుంది?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక చిన్న ఊరు. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశాను. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది. పీహెచ్‌డీకి ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, మాకు పాఠాలు చెప్పిన సారు దగ్గరే చేరడం. ఆయన చాలా మంచివారు, ఇంటి నుంచి బస్సులో వెళ్లి రావచ్చు. రెండోది హైదరాబాద్‌లోని ఒక పరిశోధన కేంద్రం. అక్కడ భూగర్భ జలాల మీద కెమిస్ట్రీ, జియాలజీ, బయాలజీ వాళ్లు, డాక్టర్లు కలిసి ఒకే ప్రాజెక్టులో పనిచేస్తారట. ఇంటర్వ్యూలో సెలెక్ట్ అయ్యాను. నెలలోపు చేరాలి.

మా నాయిన వద్దంటున్నాడు. "ఒక సారు దగ్గరుంటే ఆయన చూసుకుంటడు. పదిమంది మధ్య పడితే పని నీది, పేరు ఇంకొకరిది" అంటాడు. అమ్మకు నా పెళ్లి బెంగ. అన్నయ్యేమో పీహెచ్‌డీ ఎందుకు, గురుకులం టీచరు, జేఎల్ (జూనియర్ లెక్చరర్) పోస్టులకు కోచింగ్ తీసుకో అంటాడు. నాకు వేరే భయం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. అందరి ముందు లేచి మాట్లాడాలంటే టెన్షన్. కెమిస్ట్రీ తప్ప ఇంకోటి రాదు. అలాంటి చోట చదివితే నిజంగా లాభం ఉంటుందా? నన్నేం చేయమంటారు?

- ఒక పాఠకురాలు, మర్రిగూడ మండలం

సమాధానం: బిడ్డా, నా మాట ముందే చెబుతాను. హైదరాబాద్ కేంద్రంలో చేరు. చేరేముందు మాత్రం ఒకరోజు అక్కడికి వెళ్లి కొన్ని సంగతులు కనుక్కో, కొన్ని మాటలు తేల్చుకో. అవేంటో వివరంగా రాస్తాను. మీ నాయిన అడిగింది కొట్టిపారేసే ప్రశ్న కాదు. పని ఎవరిది, పేరు ఎవరిది అన్నది పీహెచ్‌డీలో చేరే ప్రతి ఒక్కరూ మొదట్లోనే అడగాలి. చాలామంది నాలుగో ఏడు దాకా మొహమాటపడి ఊరుకుంటారు. అప్పటికి మనసులు విరిగి ఉంటాయి.

పెద్ద సంస్థ అనగానే మనవాళ్లు డబ్బు, మెషిన్లు, లైబ్రరీ చూస్తారు. నీ విషయంలో వాటిని పెద్దగా లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ ఎక్కడ చేరినా ఒకటే. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయ్యాక 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. జర్నళ్ల కోసం హైదరాబాద్ పరుగెత్తే రోజులు కూడా పోయాయి. 2025 జనవరిలో మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద దాదాపు 13 వేల జర్నళ్లు రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల పిల్లలకూ అందుతున్నాయి. ఖరీదైన పరికరం దగ్గర్లో లేకపోతే దేశంలోని పరిశోధన పరికరాల వివరాలుండే ఐస్టెమ్ పోర్టల్‌లో వెతికి, బుక్ చేసుకుని, వేరే సంస్థలో శాంపిల్ నడిపించుకోవచ్చు. అన్నీ ఒకేచోట ఉంటే సుఖమే, కాదనను. ఉదయం శాంపిల్ పాడైతే సాయంత్రం మళ్లీ పెట్టుకోవచ్చు. కానీ అంతమాత్రం కోసం ఊరు మారమని చెప్పను.

నేను చెప్పే లాభం వేరు. అది అర్థం కావాలంటే మీ నీళ్ల సంగతే తీసుకుందాం.

మర్రిగూడ పిల్లకు ఫ్లోరైడ్ గురించి నేను చెప్పేదేముంది? గారపట్టిన పళ్లు, వంగిన నడుములు నువ్వు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నావు. అయితే ఆ బాధ మీద పరిశోధన ఎలా నడిచిందో ఒక్కసారి వరసగా చూడు. తాగునీటి ఫ్లోరైడ్‌తో ఎముకలు పాడవుతున్నాయని మన దేశంలో డాక్టర్లు రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని పల్లెలను చూసి. నీటిలోంచి దాన్ని తీసే తేలిక పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో తయారుచేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలపాలి, తేరనివ్వాలి, వడకట్టాలి. దానికి నల్లగొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టారు. టాంజానియా, ఇథియోపియాల దాకా వెళ్లింది. కెమిస్ట్రీగా చూస్తే చక్కని పని. బకెట్‌లో కూడా చేయవచ్చు.

మరి ఊళ్లలో ఎందుకు నిలవలేదు? నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుంది, క్షారత ఎంతుంది అన్నదాన్ని బట్టి పటిక మోతాదు మారుతుంది. ఏ బోరు నీళ్లకు ఎంత వేయాలో రోజూ ఎవరు చూస్తారు? అడుగున దిగిన మడ్డిని ఎక్కడ పోస్తారు? పటిక ఎక్కువైతే అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది, రుచి మారుతుంది. పొద్దున్నే కూలికి పోయే తల్లి ఇంత తతంగం ఎన్నాళ్లు చేస్తుంది? ఇవేవీ కెమిస్ట్రీ పుస్తకంలో ఉండే ప్రశ్నలు కావు. కెమిస్ట్రీ తన పని ముగిసిందనుకున్న చోటే ఇవి మొదలయ్యాయి.

అదే కాలంలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ డాక్టర్లు నల్లగొండ పల్లెల్లో ఇంకోటి గమనించారు. ఎదిగే పిల్లల మోకాళ్లు లోపలికి తిరిగి ఒకదానికొకటి తగులుతున్నాయి. ఆ సంగతి 1973లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఫ్లోరైడ్ ఇంతకుముందూ ఉంది కదా, ఈ వంకర ఇప్పుడెందుకు వచ్చిందని అడిగి, వాళ్లు జొన్న తిండి వైపు చూశారు, ఒంట్లో రాగి, మాలిబ్డినం పాళ్ల వైపు చూశారు, నాగార్జునసాగర్ వచ్చాక చుట్టుపక్కల పెరిగిన భూగర్భ జలమట్టం వైపూ చూశారు. ఒక పిల్లవాడి మోకాలికీ, ఎక్కడో కట్టిన ఆనకట్టకూ సంబంధం వెతకడమంటే డాక్టరు ఒక్కడి వల్ల అయ్యే పనేనా? 2002లో అదే సంస్థవాళ్లు బడిపిల్లలకు చింతపండు పెట్టి, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని చూపించారు. మన వంటింట్లో రోజూ ఉండే వస్తువు అది! ఇక జియాలజీవాళ్ల ప్రశ్న ఎప్పటినుంచో ఉండనే ఉంది: అదే గ్రానైట్ నేల, అదే ఊరు, ఒక బోరులో ఫ్లోరైడ్ తక్కువ, నాలుగు చెలకల అవతల బోరులో ఎక్కువ, ఎందుకు? చివరికి ఇంజినీర్లు కృష్ణా నీళ్లు పైపుల్లో తెచ్చారు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక తాగే నీటి సంగతి చాలా మారింది. కానీ చేలకు పారేది బోరు నీళ్లే. ఇప్పటికే వంగిన ఎముకలు వంగినట్టే ఉన్నాయి.

ఇవన్నీ వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు సంస్థల్లో, ఏళ్ల తేడాతో జరిగిన పనులు. ఒకరి ఫలితం అచ్చయ్యి, అది ఇంకొకరి కంటపడి, వాళ్లు దాన్ని పట్టించుకునేసరికి ఒక తరం పిల్లలు పెద్దవాళ్లయిపోతారు. నువ్వు చేరబోయే లాంటి కేంద్రం తగ్గించగలిగేది ఆ కాలాన్ని. అందులో నువ్వు విద్యార్థిగా ఉంటే నీకు ఒరిగేదేమిటో ఒక ఉదాహరణతో చెబుతాను, ఎందుకంటే ఇది పైపైన చెబితే ఉపన్యాసంలా ఉంటుంది.

కొన్నేళ్ల కింద అలాంటి ఒక కేంద్రంలో వారం వారం జరిగే సమావేశంలో కూర్చున్నాను. కెమిస్ట్రీ కుర్రాడొకడు పటికతో శుద్ధి చేసిన నీళ్ల ఫలితాలు చూపించాడు. గ్రాఫ్ బ్రహ్మాండంగా ఉంది. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము కంటే కిందికి దిగింది. అంటే తాగునీటికి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన ప్రమాణానికి లోపలే. వాళ్ల గైడ్ తల ఊపారు. అప్పుడు వెనక బెంచీలో ఉన్న జియాలజీ అమ్మాయి అడిగింది: "ఎలక్ట్రోడ్ పెట్టేముందు ఏ బఫర్ కలిపావు?" మామూలు అసిటేట్ బఫర్ అన్నాడు. "అయితే ఫ్లోరైడ్ పోయిందో, దాక్కుందో నీకు తెలియదు" అంది.

నువ్వు కెమిస్ట్రీ చదివావు కాబట్టి నీకు వెంటనే తెలుస్తుంది. ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్ నీటిలో విడిగా తిరిగే అయాన్‌నే చూస్తుంది. పటికలోంచి వచ్చిన అల్యూమినియం కొంత ఫ్లోరైడ్‌ను పట్టుకుని నీటిలోనే ఉండిపోతే, అది ఎలక్ట్రోడ్‌కు కనపడదు. సీడీటీఏ అనే రసాయనం ఉన్న టిసాబ్ బఫర్ (కొలిచేముందు నీళ్లలో కలిపే ద్రావణం) తగినంత కలిపితే, అది అల్యూమినియంను తను పట్టుకుని ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. అప్పుడు గానీ అసలు లెక్క రాదు. ఆ అమ్మాయికి ఇది ఎలా తెలుసు? ఆమె చేసేది రాళ్లతో పని. రాయిని కరిగిస్తే అందులో అల్యూమినియం ఉండి తీరుతుంది. ఆమెకు ఇది రోజువారీ తలనొప్పి. కుర్రాడు మళ్లీ కొలిస్తే గ్రాఫ్ అంత అందంగా రాలేదు. అక్కడితో అయిపోలేదు. పక్కనున్న డాక్టరుగారు అడిగారు, "ఆ పట్టుకున్న ఫ్లోరైడ్ తాగినవాళ్ల కడుపులోకి వెళ్లాక విడిపోతుందా, లేదా?" గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ ప్రశ్నే ఆ కుర్రాడి థీసిస్‌లో ఒక చాప్టర్ అయింది.

ఇదమ్మా లాభం. నీ పని ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే, అచ్చుకు పోకముందే, నీకు తెలియని దిక్కు నుంచి ఒకరు తప్పు పట్టుకుంటారు. ఆ కుర్రాడు ఒక్క గైడ్ దగ్గర ఉండి ఉంటే ఆ గ్రాఫ్ అలాగే అచ్చయ్యేదేమో. ఆ గైడ్ తెలివి తక్కువవారేమీ కాదు. ఒకే సబ్జెక్టులో ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్లకు, వాళ్ల దగ్గరే నేర్చుకున్న శిష్యులకు, కళ్లు ఒకే చోట వాలతాయి.

రెండో లాభం ఇంకా మెల్లగా కనిపిస్తుంది. కేంద్రంలో నువ్వు సీనియర్ల దగ్గర, టెక్నీషియన్ల దగ్గర, పక్క ల్యాబ్ వాళ్ల దగ్గర నేర్చుకుంటావు. నీటి శాంపిల్‌ను గాజు సీసాలో కాకుండా ప్లాస్టిక్ సీసాలో ఎందుకు పట్టాలో, బోరు నీళ్లు కొంతసేపు వదిలాకే ఎందుకు పట్టాలో, సీసా మీద తేదీ, బోరు లోతు రాయకపోతే ఏమవుతుందో నేర్పేది వీళ్లే. ఏటా పదుల మంది విద్యార్థుల శాంపిళ్లు చూసే టెక్నీషియన్ అన్నకు, ఏ పీక్ నిజమో ఏది చెత్తో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఆయన దగ్గర కూర్చుని నేర్చుకో. టీ తాగేటప్పుడు అడిగినా చెబుతాడు.

మూడోది నీ భద్రతకు సంబంధించింది, ముఖ్యంగా ఆడపిల్లవు కాబట్టి దాచకుండా రాస్తున్నాను. ఒక్క గైడ్ మీదే అంతా ఆధారపడినప్పుడు, ఆయన మంచివాడైతే నీ అదృష్టం. ఆయన రిటైరైతే, బదిలీ అయితే, లేదా మీ ఇద్దరికీ పొసగకపోతే నీకు వేరే దిక్కు ఉండదు. నలుగురు నీ పనిని మొదటి ఏడు నుంచీ చూస్తుంటే, ఎక్కడైనా ఇబ్బంది వస్తే చెప్పుకోవడానికి మనిషి ఉంటాడు. రేపు ఉద్యోగానికో పోస్ట్‌డాక్‌కో (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకో) సిఫారసు లేఖ కావాలన్నా, నీ పని తెలిసినవాళ్లు ముగ్గురు రాస్తారు.

అయితే అందరూ ఒకేచోట ఉన్నంత మాత్రాన కలిసి పనిచేస్తున్నట్టు కాదు. తార్నాక నుంచి ఉప్పల్ పోయే రోడ్డు మీద చూడు: పోషకాహార సంస్థ, ఐఐసీటీ (కెమిస్ట్రీ), సీసీఎంబీ (బయాలజీ), ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక శాస్త్రం) అన్నీ కూతవేటు దూరంలోనే ఉంటాయి. అవి ఊరికే పొరుగువాళ్లు కూడా కావు. 1977లో సీసీఎంబీ మొదలైందే అప్పటి ప్రాంతీయ పరిశోధనశాల, అంటే ఇప్పటి ఐఐసీటీలోని జీవరసాయన విభాగం నుంచి. కెమిస్ట్రీ సంస్థ కడుపులోంచి బయాలజీ సంస్థ పుట్టింది. అయినా ఏ సంస్థలోనైనా తన గది దాటి పక్క గదిలోకి వెళ్లని ప్రొఫెసర్లు ఉంటారు. కాబట్టి నువ్వు చేరే చోట బోర్డు మీద పేర్లు ఎన్ని ఉన్నాయని చూడకు. వాళ్లు నిజంగా కలిసి కూర్చుంటారా అని చూడు.

ఇప్పుడు మీ నాయిన మాట. పని నీది, పేరు ఇంకొకరిది అయ్యే ప్రమాదం ఉందా? ఉంది. చూశాను కూడా. అది ఎక్కువగా ఇలా జరుగుతుంది: ఒక అమ్మాయికి ఒక మెషిన్ బాగా వస్తుంది. అందరూ శాంపిళ్లు తెచ్చి ఆమెకే ఇస్తారు. కాదనలేక చేస్తుంది. మూడేళ్లయ్యాక ఆమె పేరు ఎనిమిది పేపర్లలో నాలుగో చోటో ఐదో చోటో ఉంటుంది, తనదంటూ ఒక్కటీ ఉండదు. ఆ పరిస్థితి తెచ్చుకోకు. మొదటి ఏడాది అందరికీ సాయం చెయ్యి, నేర్చుకోవడానికి అదే దారి. రెండో ఏడాది నుంచి ఎవరి శాంపిల్ తీసుకున్నా, ఇందులో నా పాత్ర ఏమిటి, పేపర్ వస్తే నా పేరు ఎక్కడ అని ముందే అడుగు. అడిగి, వాళ్లు ఒప్పుకున్నదాన్ని రెండు లైన్ల మెయిల్‌గా పంపు: "సార్, మనం అనుకున్నట్టు..." అని. ఇందులో అమర్యాద ఏమీ లేదు. మంచి కేంద్రాల్లో ఇది మామూలే. ఇప్పుడు చాలా జర్నళ్లు పేపర్ చివర ఎవరు ఏ పని చేశారో విడిగా రాయమంటున్నాయి కూడా.

నోట్‌బుక్ నీది నువ్వు రాసుకో, రోజువారీగా, తేదీ వేసి, పేజీ నంబర్లతో. చెడిపోయిన ప్రయోగాలు కూడా అందులో ఉండాలి. పని ఎవరిదన్న ప్రశ్న వచ్చిన రోజు నోట్‌బుక్‌కు మించిన సాక్ష్యం లేదు. మీ నాయినకు ఇంకో మాట చెప్పు: ప్రాజెక్టు పదిమందిదైనా థీసిస్ ఒక్కరిదే. వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, నువ్వొక్కదానివే కూర్చుంటావు, నువ్వొక్కదానివే జవాబు చెబుతావు. అందుకే థీసిస్‌లో కనీసం ఒక చాప్టర్, ఎవరి డేటా కోసమూ ఎదురుచూడనక్కర్లేనిది, పూర్తిగా నీ చేతుల్లో ఉండేది పెట్టుకో. కలిసి చేసే పనిలో అసలు చిక్కు అదే. డాక్టరుగారి ఎథిక్స్ పర్మిషన్ ఆలస్యమైతే నీ పనీ ఆగిపోతుంది, ఫెలోషిప్ గడియారం మాత్రం ఆగదు.

ఇక ఒకరోజు వెళ్లి కనుక్కోమన్నాను కదా. గైడ్‌ను కలవడం సరే, అంతకంటే ముఖ్యం మూడో నాలుగో ఏడు చదువుతున్న పిల్లలతో క్యాంటీన్‌లో కూర్చోవడం. గైడ్ లేనప్పుడు అడుగు. ఇక్కడి నుంచి థీసిస్ ఇచ్చినవాళ్లు ఎన్నేళ్లకు ఇచ్చారు, ఇప్పుడెక్కడున్నారు, వాళ్లకు మొదటి పేరుతో పేపర్లు ఉన్నాయా? విద్యార్థి పనిని సమీక్షించే అడ్వైజరీ కమిటీ నిజంగా కూర్చుంటుందా, సంతకాలతో సరిపెడతారా? గైడ్ దగ్గర ఎంతమంది ఉన్నారు? యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 దాటకూడదు. డిగ్రీ ఎవరిస్తారో తప్పకుండా అడుగు. సీఎస్‌ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలి) ల్యాబ్ అయితే పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఏసీఎస్‌ఐఆర్ అనే సంస్థ ఇస్తుంది. దాని కోర్సులో గ్రామీణ సమస్యల మీద ఒక ప్రాజెక్టు కూడా తప్పనిసరి, నీకది నచ్చుతుంది. వేరే కేంద్రాలు ఏదో ఒక యూనివర్సిటీలో రిజిస్టర్ చేయిస్తాయి. ఐదేళ్ల ఫెలోషిప్ అయిపోయాక పని మిగిలితే ఏం చేస్తారో అడుగు. హాస్టల్ గది, రాత్రి ల్యాబ్ నుంచి హాస్టల్‌కు వెళ్లే దారి నీ కళ్లతో చూడు. ఈ ప్రశ్నలకు పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నీళ్లు నమిలితే, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాననుకో, నల్లగొండ సారు దగ్గరే చేరు.

ఆ సారును ఎలాగూ వదులుకోకు. 2022 యూజీసీ నిబంధనలు వేరే సంస్థలోని అధ్యాపకుడిని కో-గైడ్‌గా పెట్టుకోనిస్తాయి. కేంద్రంవాళ్లను అడిగి చూడు. నీ శాంపిళ్లు వచ్చేది మన జిల్లా బోర్ల నుంచే అయితే, ఆయన ఉండటం ప్రాజెక్టుకే మేలు. ఏ కారణం వల్లనైనా నువ్వు హైదరాబాద్ వెళ్లలేకపోయినా ఇదే దారిని తిరగేసి వాడుకో: సారు దగ్గర చేరి, కేంద్రంలోని ఒకరిని కో-గైడ్‌గా అడుగు, నెలకోసారి వాళ్ల సమావేశానికి వెళ్లు. సగం లాభమైనా దక్కుతుంది.

తెలుగు మీడియం భయం గురించి. ఒకే సబ్జెక్టు వాళ్ల మధ్య అయితే పెద్ద పెద్ద మాటలతో నెట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. పలు సబ్జెక్టుల వాళ్లు కూర్చున్న గదిలో అది చెల్లదు. కెమిస్ట్రీ మాట డాక్టరుకు తెలియదు, డాక్టరు మాట జియాలజీ వాళ్లకు తెలియదు. అందరూ చిన్న చిన్న వాక్యాల్లో విడమరిచి చెప్పాల్సిందే. నీకు వచ్చే ఇంగ్లిష్ దానికి సరిపోతుంది. మొదట్లో ఒక్కో సమావేశంలో ఒక్క ప్రశ్న అడగాలని పెట్టుకో, కాగితం మీద రాసుకుని చదివినా ఫరవాలేదు. "కెమిస్ట్రీ తప్ప ఇంకోటి రాదు" అన్నావు. అక్కడ ఉన్నవాళ్లందరిదీ అదే పరిస్థితి, ఒక్కొక్కరికి ఒక్కటే వచ్చు. అందుకే కదా కలిసి కూర్చుంటారు.

పైగా ఆ గదిలో ఎవరికీ లేనిది నీ దగ్గరుంది. ఏ బోరు ఎప్పుడు వేశారో, ఏ బావి నీళ్లు పప్పు ఉడకనివ్వవో, ఎవరి ఇంట్లో ఎవరికి నడుం పట్టేసిందో నీకు తెలుసు. సర్వే కాగితం పట్టుకుని వచ్చిన కొత్తవాళ్లకు ఒక అవ్వ చెప్పని మాట, నీకు అరుగు మీద కూర్చోబెట్టి చెబుతుంది: చిన్నప్పుడు ఏ బావి నీళ్లు తాగింది, పెళ్లయ్యాక ఏ ఊరికి పోయింది, నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి. ఆ వివరం లేకుండా డాక్టరు లెక్కలు కుదరవు.

మీ అన్నయ్య చెప్పిన ఉద్యోగం మాట చిన్నది కాదు, ఇంటి పరిస్థితి ఎలా ఉందో నువ్వు రాయలేదు. ఇంట్లో నీ జీతం మీద ఆధారపడే అవసరం ఉంటే అది వేరే లెక్క. లేకపోతే ఇది గుర్తుంచుకో: అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతగా నెట్‌కు కాలపరిమితి లేదు, జేఆర్‌ఎఫ్‌కు మాత్రం చేరే గడువు ఉంది. పోస్టుల నోటిఫికేషన్లు మళ్లీ వస్తాయి, పీహెచ్‌డీ చేస్తూ కూడా రాయవచ్చు. ఫెలోషిప్ నుంచి నెలకు కొంత ఇంటికి పంపగలవు కూడా.

అమ్మకు చెప్పు, హైదరాబాద్ మీకు వంద కిలోమీటర్ల లోపే, శనివారం సాయంత్రం బయల్దేరితే రాత్రి భోజనం ఇంట్లోనే. పెళ్లి కుదిరితే చదువు ఆగనక్కర్లేదు. పీహెచ్‌డీకి గరిష్ఠంగా ఆరేళ్లు ఇస్తే, మహిళలకు యూజీసీ నిబంధనల్లో ఇంకో రెండేళ్లు అదనంగా ఇచ్చే వీలుంది. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు మొత్తం మీద 240 రోజుల దాకా సెలవు ఉంది. సంబంధం చూసేటప్పుడు ఈ సంగతులు అబ్బాయివాళ్లకు ముందే చెప్పమను. విని మొహం చిట్లించేవాళ్లయితే అది అప్పుడే తెలిసిపోవడం మంచిది.

వచ్చే వారమే ఆ ఒకరోజు ప్రయాణం పెట్టుకో. మీ నాయినను వెంట తీసుకెళ్లు. ముందే మెయిల్ రాసి, మా నాన్నగారు కూడా వస్తారు, ల్యాబ్ చూపించగలరా అని అడుగు. చాలా చోట్ల సంతోషంగా చూపిస్తారు. ఆయన అడగాలనుకున్న ప్రశ్న ఆయన నోటితోనే గైడ్‌ను అడగనివ్వు, తెలుగులోనే, నువ్వు మధ్యలో కల్పించుకోకు. గైడ్ ఆ ప్రశ్నకు ఎలా జవాబిస్తారో చూస్తే ఆ మనిషి నీకు సగం అర్థమవుతారు. ఈలోగా యూనివర్సిటీలో మైగ్రేషన్ సర్టిఫికెట్‌కు, టీసీకి అప్లై చేసి పెట్టు. చేరే గడువు చివరి వారంలో వాటి కోసం తిరిగితే నానా తిప్పలు పడాల్సి వస్తుంది.